మచ్చిక లేని పిల్లిని ఇంట్లో పెట్టుకునే ముందు

గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుందని సామెత. మనిషి చేతికి ఎన్నడూ అలవాటు పడని పిల్లికి గదిలో ఉండడమే దెబ్బతో సమానం. తలుపు మూసుకోగానే పారిపోయే దారి పోయిందని దానికి అర్థమైపోతుంది. నేను అలాంటి రెండు పిల్లులతో ఆరేళ్లుగా ఉంటున్నాను. మొదటిదాన్ని తెచ్చినప్పుడు నాకేమీ తెలియదు, దానికి శిక్ష అదీ నేనూ ఇద్దరం అనుభవించాం. రెండోదాని దగ్గరికొచ్చేసరికి ఒక నియమం పెట్టుకున్నాను: దాని మీద నా చెయ్యి వేయాల్సిన అవసరమే రాకుండా ముందుగా ఇల్లు సర్దుకోవాలి. ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ ఆ నియమం చుట్టూ తిరిగేవే.

మొదట, ఆ పిల్లి నిజంగా ఇంట్లో ఉండాలా అని ఆలోచించండి. ఎవరో పెంచి వదిలేసిన పిల్లి ఎంత బెదిరినా కొన్ని వారాలకు దగ్గరికొస్తుంది. బయటే పుట్టి బయటే పెరిగిన పిల్లి వేరు. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి స్పర్శ, గొంతు, వాసన తెలిస్తేనే కూనకు మనమంటే భయం పోతుంది. ఆ వయసు దాటాక వచ్చిన పిల్లి ఒళ్లో పడుకుంటుందని ఆశ పెట్టుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు చేయించి దాని చోట దాన్ని వదిలి తిండి పెట్టడమే చాలాసార్లు దానికి మేలు. చూపు లేనిది, కాలు పోయినది, తిరిగి వదలడానికి చోటు లేనిది అయితే అప్పుడు ఇంట్లోకి తేవాలి. అయితే, అది మనల్ని ఎప్పటికీ తాకనివ్వకపోయినా పర్వాలేదని మనసులో స్థిరపరచుకునే తేవాలి.

గది ముందు, పిల్లి తర్వాత

ఇల్లంతా ఒకేసారి వదలొద్దు. ఒక చిన్న గది చాలు. పిల్లిని తెచ్చే ముందు రోజు ఆ గదిలో నేల మీద పడుకుని చూడండి. మంచం కింద, బీరువా వెనక, అటక మీద, పైపులు గోడలోకి వెళ్లే కంతల్లో మీ చెయ్యి అందని చోటు ఏదున్నా మూసేయండి. పిల్లి దూరేది సరిగ్గా అక్కడికే. కిటికీలకు గట్టి ఇనుప జాలీ ఉండాలి, దోమతెర చాలదు, ఒక్క గంటలో చింపేస్తుంది. గది తలుపు బయట ఇంకో తలుపు ఉంటే రెండూ ఒకేసారి తెరిచి ఉండకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

దాక్కునే చోట్లన్నీ మూసేశాక మీరే ఒకటి ఇవ్వాలి, ఇది మరిచిపోవద్దు. నా సలహా: పిల్లుల్ని తీసుకెళ్లడానికి వాడే తలుపున్న ప్లాస్టిక్ పెట్టెనే దాని గూడు చేయండి. లోపల పాత దుప్పటి పరిచి, పైన బట్ట కప్పి, గది మూలలో నోరు గోడ వైపు కాస్త తిప్పి పెట్టండి. రోజూ తిండి దాని ముందే, కొన్నాళ్లకు దాని లోపలే. తలుపుకు ఒక తాడు కట్టి గది బయటిదాకా తెచ్చుకోండి. మొదటి రోజు నుంచీ ఆ తాడు అక్కడే ఉంటే పిల్లి దాన్ని పట్టించుకోదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన రోజున దాని విలువ తెలుస్తుంది.

తొలి రోజుల్లో పిల్లి కాలు కాలినట్టు గదంతా తిరగొచ్చు, లేదా గూట్లోంచి కదలకపోవచ్చు. రెండూ మామూలే. గదిలోకి వెళ్లినప్పుడు దాని కళ్లలోకి సూటిగా చూడొద్దు. పక్కకు తిరిగి కింద కూర్చుని, మెల్లగా ఏదైనా చదువుతూ ఉండండి. చెవులు పక్కలకు అణిగి, కనుపాపలు పెద్దవై, తోక విసురుతూ లోగొంతుతో గుర్రుమంటుంటే మీరు దాని దారికి అడ్డంగా ఉన్నారన్నమాట. మాట్లాడకుండా ఒక అడుగు వెనక్కి వేసి, గూటికి వెళ్లే దారి ఖాళీ చేయండి. బుసకొట్టడం దాడి కాదు, దూరంగా ఉండమనే హెచ్చరిక. దాన్ని గౌరవించినకొద్దీ అది తగ్గుతుంది.

తిండి మాత్రం లెక్కపెట్టండి. రాత్రి పెట్టింది పొద్దున ఎంత మిగిలిందో చూసుకోవాలి. ఒక రోజు పూర్తిగా ముట్టకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి. పిల్లులు కొద్ది రోజులు పస్తుంటే చాలు, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదకొస్తుంది. లావుగా ఉన్నవాటికి ఈ ముప్పు మరీ ఎక్కువ. గండుపిల్లి పదే పదే మలమూత్రాలకు పెట్టిన ట్రేలో కూర్చుని మూత్రం పోయలేకపోతుంటే తెల్లవారేదాకా ఆగొద్దు, అది ఎమర్జెన్సీ.

ట్రేలో మొదట మామూలు మట్టి పోసి, తర్వాత లిట్టర్ (తడిని పీల్చే గుళికలు) కొద్దికొద్దిగా కలుపుతూ పోతే త్వరగా అలవాటు పడుతుంది. రోజూ శుభ్రం చేయాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే అది బయటపడిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో మనుషులకు అంటుకునే స్థితికి వస్తుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజు తీసేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. గర్భిణులు ఈ పని ఇంకొకరికి అప్పగించాలి.

పట్టుకోవాల్సిన రోజు

ప్రమాదమంతా ఈ రోజునే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇది చేతికి రాని పిల్లి అని డాక్టర్‌కు చెప్పండి. చాలామంది డాక్టర్లు బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు తిండిలో కలిపి పెట్టే గాబాపెంటిన్ లాంటి బెదురు తగ్గించే మందు రాసిస్తారు. మోతాదు వాళ్లే చెప్పాలి, మనం ఊహించి వేయకూడదు. ఇక మన మందుల డబ్బాలోని పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రతో చనిపోవచ్చు.

పిల్లి తినడానికి పెట్టెలోకి వెళ్లగానే బయటినుంచి తాడు లాగండి, గడియ వేయండి, మొత్తం బట్ట కప్పేయండి. చీకట్లో పిల్లి సర్దుకుంటుంది. పెట్టెలోకి రాకపోతే ఆ రోజు వదిలేసి ఇంకో రోజు వెళ్లండి. తప్పనిసరైతే, తొక్కితే తలుపు పడే బోను అద్దెకో అరువుకో తెచ్చి గదిలో పెట్టండి. తువ్వాలు పట్టుకుని గదంతా తరమడం వద్దు. మెడ మీది తోలు పట్టి ఎత్తడం కూనలకు చెల్లుతుంది కానీ పెద్ద పిల్లి మెలి తిరిగి మణికట్టు పట్టేస్తుంది. తోలు గ్లౌజులు గోళ్లను ఆపుతాయి, కోరల్ని ఆపలేవు. పైగా వాటితో ఎంత గట్టిగా పట్టుకుంటున్నామో మనకే తెలియదు.

నా మొదటి పిల్లి బీరువా వెనక ఇరుక్కుంటే జాలిపడి చెయ్యి పెట్టాను. బొటనవేలి కింద రెండు చుక్కలు, అంతే. రక్తం కూడా సరిగా రాలేదని కడిగి ఊరుకున్నాను. తెల్లారేసరికి అరచెయ్యి ఉబ్బి వేళ్లు మడవలేకపోయాను. పిల్లి కోరలు సూదుల్లా లోతుకు దిగుతాయి, పైన చర్మం మూసుకుపోతుంది, పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా లోపల ఉండిపోతుంది. చిన్న గాయమని ఎవరు చెప్పినా వినొద్దు, నాలా చేయొద్దు.

కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఏ పొడీ ఏ పసరూ అద్దకుండా పోవిడోన్ అయోడిన్ రాసి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రేబీస్ టీకా, రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబీస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్), టెటనస్, యాంటీబయాటిక్ వీటి గురించి అడగండి. కండకు ఇచ్చే రేబీస్ టీకా, మొదలుపెట్టిన రోజును 0గా లెక్కిస్తే, 0, 3, 7, 14, 28 రోజుల్లో ఇస్తారు, పద్ధతిని బట్టి మారొచ్చు. పిల్లి ఇంట్లోనే ఉంది కదా, పది రోజులు చూద్దాం అని టీకా ఆపకండి. టీకా మొదలుపెట్టి, దాన్ని గమనిస్తూ ఉండాలి. ఇలాంటి పిల్లితో ఉండబోతున్నవాళ్లు ముందే రేబీస్ టీకా వేయించుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. అప్పుడు కరిచాక బూస్టర్లు వేయించుకోవాల్సిందే గానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. రక్కిన కొన్ని రోజులకో వారాలకో చంకలో గడ్డ కడితే, జ్వరమొస్తే పిల్లి రక్కిన సంగతి డాక్టర్‌కు చెప్పండి. ఒంటి మీద గెంతే చిన్న పురుగుల (ఫ్లీల) ద్వారా పిల్లికి వచ్చే బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా అలా మనకు అంటుతుంది. ఆ పురుగులకు కుక్కల మందు వాడొద్దు, అలాంటి చాలా మందుల్లో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పిల్లిని చంపేయగలదు.

ఇంట్లో వేరే పిల్లులుంటే కనీసం రెండు వారాలు విడిగా ఉంచి, పిల్లి నుంచి పిల్లికి అంటే వైరస్‌లైన ల్యుకేమియా వైరస్, ఎఫ్‌ఐవీ పరీక్షలు చేయించండి. గిన్నెలూ ట్రేలూ కూడా వేరే ఉండాలి. పాన్‌ల్యుకోపీనియా అనే ప్రాణాంతకమైన పిల్లుల వైరస్ నేల మీద ఏడాది దాకా బతకగలదు. ఒక పాలు బ్లీచ్‌కు 32 పాళ్ల నీళ్లు కలిపి తుడిస్తే చస్తుంది. ఫినాయిల్ వద్దు, పాదాలు నాకేటప్పుడు కడుపులోకి పోతుంది.

నెలలు గడిచి గది తలుపు తెరిచాక పిల్లి రాత్రిళ్లు ఇల్లంతా తిరుగుతుంది, పగలు కనిపించదు. వాషింగ్ మెషిన్, సోఫా అడుగు, ఫ్రిజ్ వెనక వెచ్చటి చోటు దానికి ఇష్టం. మెషిన్ ఆన్ చేసే ముందు, మడత మంచం మూసే ముందు టార్చి వేసి చూడండి. పిల్లి ఉంటే పిలవొద్దు, లాగొద్దు. ఆ గదిలో లైటు ఆపి, గూడు ఉన్న గదికి తలుపు తెరిచి, తిండి గిన్నె శబ్దం చేసి వెళ్లిపోండి.