సుప్రీమ్స్ తొలి రికార్డులు: వెతకడం, పోల్చుకోవడం, సరిగ్గా వినడం

1960ల అమెరికన్ గాయనుల బృందం సుప్రీమ్స్ అంటే చాలామందికి 1964 ఆగస్టులో అమెరికా చార్టుల్లో మొదటి స్థానం ఎక్కిన ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ దగ్గరే కథ మొదలవుతుంది. డయానా రాస్ ముందు, మిగతా ఇద్దరూ వెనక. అంతకు ముందు నాలుగేళ్ల రికార్డుల్లో బృందం ఇలా ఉండదు. ఫ్లారెన్స్ బాలార్డ్, మేరీ విల్సన్ కూడా లీడ్ (ప్రధాన గొంతు) పాడారు. 1962 దాకా నాలుగో గొంతు కూడా ఉంది. ఆ తేడా చెవికి పట్టాలంటే హిట్ల సంకలనం పక్కన పెట్టి, సింగిల్స్‌ని (ఒక్కో వైపు ఒక పాటుండే చిన్న రికార్డుల్ని) వచ్చిన వరుసలో వినాలి.

వరుస ఇదీ. 1960లో డెట్రాయిట్‌లో వీళ్ల పేరు ప్రైమెట్స్. ప్రైమ్స్ అనే మగ బృందానికి జోడీగా పెట్టిన పేరది. అప్పటి నలుగురు: ఫ్లారెన్స్, మేరీ, డయాన్ (తర్వాత డయానా అయింది), బెట్టీ మెక్‌గ్లోన్. లూ పైన్ అనే చిన్న లేబుల్ మీద ‘టియర్స్ ఆఫ్ సారో’, దాని వెనక వైపున ‘ప్రెటీ బేబీ’ వచ్చాయి. ఆ తర్వాత బెట్టీ తప్పుకుంటే బార్బరా మార్టిన్ చేరింది. 1961 జనవరిలో మోటౌన్ అనే డెట్రాయిట్ రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరి, పేరు సుప్రీమ్స్‌గా మారింది.

ఇక్కడి నుంచి లేబుల్ మీది రికార్డు నంబర్లు పట్టుకుని వెళ్లండి. టామ్లా (మోటౌన్ కంపెనీదే ఒక లేబుల్) 54038 ‘ఐ వాంట్ ఎ గై’, టామ్లా 54045 ‘బటర్డ్ పాప్‌కార్న్’, రెండూ 1961లోవే. 54045 పక్కనే ఉన్న 54046 ఏమిటో చూడండి: మార్వెలెట్స్ పాడిన ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’. కంపెనీకి బిల్‌బోర్డ్ పాప్ చార్టులో మొదటి నంబర్ వన్ తెచ్చిన పాట అది. ఒక్క అంకె తేడాలో సుప్రీమ్స్ మరుగున పడ్డారు. తర్వాత వాళ్లు మోటౌన్ లేబుల్‌కి మారారు: 1027 ‘యువర్ హార్ట్ బిలాంగ్స్ టు మీ’, 1034 ‘లెట్ మి గో ద రైట్ వే’, 1040 ‘మై హార్ట్ కాంట్ టేక్ ఇట్ నో మోర్’, 1044 ‘ఎ బ్రెత్ టేకింగ్ గై’, 1051 ‘వెన్ ద లవ్‌లైట్ స్టార్ట్స్ షైనింగ్ త్రూ హిజ్ ఐస్’, 1054 ‘రన్, రన్, రన్’. వీటిలో చార్టులో కాస్త పైకి వెళ్లింది 1051 ఒక్కటే, 23వ స్థానం దాకా. 1027 పోయింది 95కే.

వెనక వైపులు వదిలేయకండి. 54045 వెనక ఉన్న ‘హూస్ లవిన్ యూ’ స్మోకీ రాబిన్సన్ రాసింది. ఈ కాలం రికార్డుల్లో మొదట వినాల్సిన పాట ఏది అంటే మా ఓటు దానికే.

గొంతుల్ని విడదీసుకోవడానికి మూడు పాటలు చాలు. ‘ప్రెటీ బేబీ’లో లీడ్ మేరీది. కాస్త కిందిస్థాయిలో, మెత్తగా ఉంటుంది. ‘బటర్డ్ పాప్‌కార్న్’ ఫ్లారెన్స్‌ది. చర్చి పాటల నుంచి వచ్చిన నిండు గొంతు, గదంతా వినిపించే గొంతు. ‘ఐ వాంట్ ఎ గై’ డయానాది. సన్నగా, పై స్థాయిలో, కొంచెం ముక్కుతో. ఈ మూడూ రెండేసి సార్లు విన్నాక మిగతా సింగిల్స్‌లో కోరస్ మీద మాత్రమే చెవి పెట్టండి. ఎవరు ఏ స్వరం మీద నిలబడ్డారో తెలియడం మొదలవుతుంది. 1961–62లో వీళ్లు మార్విన్ గే, మేరీ వెల్స్ లాంటి వాళ్ల పాటలకి చప్పట్లు, వెనక గొంతులు ఇచ్చారు. కాబట్టి ఆ రికార్డులూ ఈ వెతుకులాటలో భాగమే.

అసలు సింగిల్ కొనకుండా వినాలంటే 2010లో వచ్చిన ‘మీట్ ద సుప్రీమ్స్’ విస్తరించిన ఎడిషన్ సీడీ మంచి దారి. ఆ ఆల్బమ్ మొదట 1962 డిసెంబరులో వచ్చింది. ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్న అట్ట మొదటిది. దగ్గర నుంచి తీసిన ముఖాలున్నది తర్వాతిది.

చవకగా దొరికే యూరప్ సంకలనాల విషయంలో మాత్రం కాస్త ఆగండి. యూరోపియన్ యూనియన్ రికార్డింగుల హక్కుల కాలాన్ని 50 నుంచి 70 ఏళ్లకు పెంచింది, సభ్య దేశాలు దాన్ని 2013 నవంబరు 1 కల్లా అమలు చేయాల్సి వచ్చింది. 1962 చివరి దాకా విడుదలైన వాటికి అప్పటికే 50 ఏళ్లు నిండిపోయాయి. అందుకే ఆ డిస్కుల్లో పాటలు సరిగ్గా 1962తో తెగిపోతాయి, 1963 పాటలు కనిపించవు. మాస్టర్ టేపు (అసలు రికార్డింగ్ టేపు) ఉండేది హక్కుదారు దగ్గరే కాబట్టి, ఇలాంటి వాటిలో చాలావాటికి ఆధారం అరిగిన రికార్డో, పాత సీడీయో. గీకుడు శబ్దం తీసేసే పనిలో తాళాల మెరుపు కూడా కొట్టుకుపోతుంది. అట్ట మీద ప్రైమెట్స్ పేరుంటే అందులోని పాటలన్నీ వాళ్లవే అనుకోవద్దు. లూ పైన్ వాళ్ల ఇతర గాయకుల పాటలు కూడా ఆ పేరు చాటున అమ్ముడయ్యాయి. 1961కి ముందు సుప్రీమ్స్ అనే పేరుతో వేరే బృందాలూ ఉన్నాయి, అందుకే పేరు కాక నంబరు చూసి కొనాలి.

అసలు సింగిల్ కొనేటప్పుడు చూడాల్సింది లేబుల్‌కీ గాడి ముగిసే చోటుకీ మధ్యనున్న నున్నటి వలయాన్ని. అక్కడ చెక్కి ఉండే మ్యాట్రిక్స్ నంబరు (అచ్చు గుర్తింపు నంబరు) ఫొటో పంపమని అమ్మేవారిని అడగండి. మిషిగన్‌లోని ఒవోసోలో ఉన్న అమెరికన్ రికార్డ్ ప్రెసింగ్ కంపెనీలో నొక్కిన కాపీలకి ‘ఏఆర్‌పీ’ గుర్తు ఉంటుంది. చిన్న త్రిభుజం, పక్కన అంకెలు ఉంటే అది లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్ ప్లాంటుది. నకిలీల్లో ఈ ముద్రలు ఉండవు, లేదా చేత్తో గీకి ఉంటాయి. లేబుల్ మీది అక్షరాలు కూడా ఫొటో తీసి అచ్చేసినట్టు అంచులు చెదిరి కనిపిస్తాయి. 1044కి ఇంకో గుర్తుంది. మొదటి కాపీల మీద పాట పేరు వాక్యమంత పొడుగ్గా అచ్చయి ఉంటుంది. తర్వాత దాన్ని ‘ఎ బ్రెత్ టేకింగ్ గై’కి కుదించారు.

మోనార్క్ వాళ్ల సింగిల్స్ వినైల్ కావు, స్టైరీన్ అనే మరో ప్లాస్టిక్. ఈ తేడా తెలియకపోతే రికార్డు పాడవుతుంది. స్టైరీన్ పెళుసు. వేలి గోటితో తడితే టక్కుమని గట్టిగా మోగుతుంది, వినైల్ మొద్దుగా మోగుతుంది. లేబుల్ కాగితం పైన అతికించినట్టు ఉంటుంది. రేడియో వాళ్లు వాడిన కాపీల్లో పాట మొదలయ్యే చోటే డిస్కుని ముందుకీ వెనక్కీ తిప్పడం వల్ల గాడి అరిగి, మొదటి రెండు మూడు సెకన్లు బుస్సుమంటుంది. అది మురికి కాదు, ఎంత కడిగినా పోదు.

కడగడానికి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల వాసన లేని సబ్బు ద్రవం సరిపోతుంది. మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తోమాలి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి, నిలబెట్టి అరగంట ఆరనివ్వాలి. వినైల్‌కైతే ఆ ద్రవంలో పదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపొచ్చు. స్టైరీన్‌కి వద్దు. లేబుల్‌కి తడి తగలనివ్వద్దు.

ముల్లు విషయంలో ఖరీదైనదే మంచిదనుకుంటే పొరపాటు. ఈ సింగిల్స్‌కి గుండ్రటి మొన ఉన్న 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు, తయారీదారు చెప్పిన బరువులో, మామూలుగా 2 నుంచి 3 గ్రాముల మధ్య. కోడిగుడ్డు ఆకారపు మొన స్టైరీన్‌ని త్వరగా తినేస్తుంది. బాగా అరిగిన కాపీకి 1 మిల్ ముల్లు ప్రయత్నించండి. అది గాడిలో ఇంకాస్త పైన ఆనుతుంది కాబట్టి అరగని గోడ దొరికే అవకాశం ఉంది.

వేగం ఎప్పుడూ చెవితో సరిచూడకండి. ‘ఐ వాంట్ ఎ గై’లో డయానా గొంతు చాలా పై స్థాయిలో ఉండటం విని, రికార్డు వేగంగా తిరుగుతోందనుకుని తగ్గించేవాళ్లు ఉంటారు. 1964 పాటల కింది స్థాయికి అలవాటు పడ్డ చెవి చేసే మోసం అది. స్ట్రోబ్ డిస్కు (వేగం చూసుకోవడానికి గీతలు గీసిన బిళ్ల) పెట్టండి. నిమిషానికి 45 చుట్ల వేగానికి 60 హెర్ట్జ్ కరెంటైతే 160 గీతలది, 50 హెర్ట్జైతే 133 గీతలది. గీతలు కదలకుండా నిలబడాలి. మంచి ఎల్‌ఈడీ బల్బు మిణకదు కాబట్టి దాని కింద గీతలు అలుక్కుపోతాయి. పాత బల్బో, స్ట్రోబ్ దీపమో కావాలి. సాగదీసిన స్వరాలు ఊగుతుంటే మోటారుని అనుమానించే ముందు పెద్ద రంధ్రంలోని అడాప్టర్ చూడండి. రంధ్రం మధ్యలో లేకపోతే టోన్ ఆర్మ్ (ముల్లుని మోసే చేయి) పక్కలకి ఊగుతుంది. డిస్కుని వెంట్రుకవాసి జరుపుతూ ఆ ఊపు ఆగే చోట ఉంచాలి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. స్టీరియోగానే ఎక్కించి, తర్వాత రెండు ఛానళ్లని కలిపి మోనో చేయండి. గాడిలో నిలువుగా వచ్చే రొద చాలావరకు అక్కడే రద్దవుతుంది. ఒక గోడ మరీ అరిగి ఉంటే కలపకుండా శుభ్రంగా ఉన్న ఛానల్ ఒక్కటే తీసుకోవాలి. సరిచూసుకునే పద్ధతి తేలిక: ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఛానల్‌ని తలకిందులు చేసి రెండూ కలపండి. రొద మాత్రమే మిగిలితే అంతా సరిగ్గా ఉన్నట్టు. గొంతు గట్టిగా వినిపిస్తే కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చిన భాగం) వంకరగా ఉన్నట్టు, లేదా రెండు ఛానళ్ల స్థాయిలు కలవనట్టు. సీడీ నిజంగా మోనోనా, మోనోకి స్టీరియో వేషం వేసిందా అన్నదీ ఇలాగే తేలుతుంది. టప్‌మనే శబ్దాలు పెద్దవాటిని చేత్తో ఒక్కొక్కటే తీయండి. రొద తగ్గించే ఫిల్టర్ జోలికి పోకపోవడమే మేలు, దానికి ముందు బలయ్యేది కోరస్‌లోని ఊపిరి.

శబ్దాలు తీయని, కత్తిరించని మొదటి ఫైల్‌ని విడిగా దాచి, దాని పేరులోనే లేబుల్, నంబరు, మ్యాట్రిక్స్, వాడిన ముల్లు రాసి పెట్టండి. అందరికీ పంచాలనిపిస్తే మాత్రం ఆగండి: అమెరికాలో 1957 నుంచి 1972 ఫిబ్రవరి 14 దాకా వచ్చిన రికార్డింగులకు 2067 ఫిబ్రవరి 15 వరకు రక్షణ ఉంది.