కువైట్ వీసా చేతికొచ్చాక ఇంటివాళ్లు చూసుకోవలసినవి

కడప, రాయచోటి, రాజంపేట, కదిరి వైపు నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకు ఏజెంటును పరిచయం చేసేది చాలాసార్లు సొంత బంధువులే. ఆ మొహమాటంతో కాగితాలు అడగడం మానేయకండి.

మొదట వీసా రకం చూడండి. విజిట్ వీసా ఇచ్చి, అక్కడికి వెళ్లాక మార్పిస్తామంటే ప్రయాణం ఆపేయండి. ఆ వీసాపై దుబాయ్ చేర్చి, అక్కడి నుంచి మరో దేశపు యజమానికి అప్పగించడం ఈ దందాలో పాత పద్ధతి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుపై సాధారణంగా ఈసీఆర్ (విదేశీ పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి) అని ఉంటుంది. అటువంటి మహిళలను ముప్పై ఏళ్లు నిండకుండా గల్ఫ్‌లో ఇంటిపనికి పంపకూడదు. 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి కాబట్టి, మన రాష్ట్రంలో విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను సంప్రదించి, ఒప్పందం కేంద్రప్రభుత్వ వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదైందో లేదో అడగండి.

కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ప్రకారం ఇంటిపని రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టును కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) తన దగ్గర ఉంచుకోకూడదు. ఇవి వెళ్లే మనిషికి నోటికి వచ్చేదాకా చెప్పండి.

కష్టం వస్తే ముందు లాక్కునేది ఫోన్. అందుకే భారత రాయబార కార్యాలయం నంబరును, ఇంటి నంబరును సంచి లోపలి గుడ్డపై చెరగని సిరాతో రాయండి. ఒక గుర్తుమాట కూడా పెట్టుకోండి: ‘మన గేదె ఈనిందా?’ అని ఆమె అడిగితే ప్రమాదంలో ఉన్నట్టు. పక్కన తెలుగు వచ్చిన ఏజెంటు మనిషి ఉన్నా ఆ మాట చెప్పగలుగుతుంది.

ఆ మాట వినిపించిన రోజున ఏజెంటుకు డబ్బు కట్టకండి. అతని వాట్సాప్ సందేశాలు, డబ్బు పంపిన రసీదులు, వీసా ప్రతి భద్రపరచి, విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లోనూ దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయండి. స్టేషన్ పరిధి కాదని పంపేస్తే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) అడగండి. ఇల్లు వదిలి బయటపడగలిగితే తెలియనివారి దగ్గరకు వెళ్లకుండా నేరుగా రాయబార కార్యాలయానికి చేరమని ఆమెకు చెప్పండి. పారిపోయిందని యజమాని కేసు పెడితే ఆమెకు అండగా నిలవవలసింది ఆ కార్యాలయం వాళ్లే.

‘ఆమె ఇష్టపడే కదా వెళ్లింది’ అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. మోసంతోనో బెదిరింపుతోనో దోపిడీకి తరలిస్తే బాధితురాలి అంగీకారానికి విలువ లేదని మనుషుల అక్రమ రవాణాపై 2000లో కుదిరిన ఐక్యరాజ్య సమితి ఒప్పందం పాలెర్మో ప్రోటోకాల్ చెబుతుంది. భారతదేశం దానిని 2011లో ఆమోదించింది. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌దీ అదే మాట. జీతం ఎగ్గొట్టి, తలుపు తాళం వేసి, దెబ్బలు కొట్టి చేయించుకున్న చాకిరీని ఆమె తెలివితక్కువతనంగా చూడటం ఇంటివాళ్లే ముందు మానాలి. తిరిగి వచ్చిన వెంటనే వైద్య పరీక్ష చేయించి, ఆ కాగితాలతో పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. అక్కడ మహిళలకు న్యాయవాది ఉచితం.