స్విట్జర్లాండ్‌లో ఆర్ట్ రెసిడెన్సీ: డిజిటల్ కళాకారులు దరఖాస్తు చేసుకునే విధానం

స్విట్జర్లాండ్ ప్రభుత్వ నిధులతో నడిచే కళల మండలి పేరు ప్రో హెల్వెటియా. 1939లో మొదలైంది, ప్రధాన కార్యాలయం జ్యూరిక్‌లో ఉంది. 2007 నుంచి న్యూఢిల్లీలో దానికో ఆఫీసు పనిచేస్తోంది. మన దగ్గరి కళాకారులు అక్కడికి వెళ్లడానికైనా, అక్కడివాళ్లు ఇక్కడికి రావడానికైనా ఏర్పాట్లు చూసేది ఆ ఢిల్లీ ఆఫీసే. వీడియో, యానిమేషన్, సౌండ్, గేమ్‌లు, వీఆర్ (వర్చువల్ రియాలిటీ), కోడ్ రాసి చేసే ఇన్‌స్టలేషన్లు (ఒక గదినో చోటునో మొత్తంగా కళాఖండంగా మార్చేవి) ఇవన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ఆర్ట్ కాలేజీ డిగ్రీ ఒక్కటే అర్హత అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్ స్టూడియోలోనో గేమింగ్ కంపెనీలోనో పనిచేస్తూ, రాత్రిళ్లు సొంత ప్రయోగాలు చేసుకునేవాళ్లు కూడా ప్రయత్నించవచ్చు. అయితే ఆ సొంత పని నలుగురి ముందుకు ఎక్కడో ఒకచోట వచ్చి ఉండాలి. కంపెనీ కోసం చేసిన షాట్లు ఎంత గొప్పగా ఉన్నా వాటిని కళాకారుడి పనిగా లెక్కలోకి తీసుకోవడం కష్టం.

దరఖాస్తుకు ఫీజు లేదు. మధ్యలో ఏజెంట్లు లేరు. ఎవరైనా ‘మేం ఇప్పిస్తాం’ అంటే దండం పెట్టి వచ్చేయండి.

మూడు నెలలా, నాలుగు వారాలా

రెండు రకాల అవకాశాలున్నాయి. ఒకటి రెసిడెన్సీ. గరిష్ఠంగా మూడు నెలలు ఒకచోట ఉండి పనిచేసుకోవడం. రెండోది రీసెర్చ్ ట్రిప్. నాలుగు వారాల లోపు తిరిగి మనుషుల్ని కలవడం, స్టూడియోలు, ల్యాబ్‌లు చూడటం, తర్వాత చేయబోయే పనికి పునాది వేసుకోవడం. ప్రయాణం, వసతి, రోజువారీ ఖర్చు మండలే చూసుకుంటుంది. రెసిడెన్సీ అయితే పనిచేసుకునే చోటు కూడా దొరుకుతుంది, అక్కడి కళారంగంలో ఎవరిని కలవాలో చెప్పే సాయమూ ఉంటుంది.

చాలామంది కళ్లు మూడు నెలల మీదే ఉంటాయి. నా సలహా వేరు. అక్కడ ఎవరూ తెలియనివాళ్లు, ఆఫీసులో అంత సెలవు దొరకనివాళ్లు, చేతిలో ఇంకా మొగ్గ దశలో ఉన్న ఆలోచన తప్ప మరేం లేనివాళ్లు రీసెర్చ్ ట్రిప్‌కే అడగడం మంచిది. ఆ నాలుగు వారాల్లో కుదిరిన పరిచయంతో తర్వాత రెసిడెన్సీకి రాసే దరఖాస్తు చాలా గట్టిగా ఉంటుంది.

రెసిడెన్సీల ఓపెన్ కాల్‌కు, అంటే దరఖాస్తులు పంపమని అందరినీ పిలిచే ప్రకటనకు, గడువు సాధారణంగా మార్చి 1. ఎంపికైనవాళ్ల ప్రయాణం ఆ తర్వాతి ఏడాది. అంటే ఈ సంక్రాంతికి రాయడం మొదలుపెట్టిన దరఖాస్తు తాలూకు విమానం వచ్చే ఏడాది ఎక్కుతారన్నమాట. గడువు తేదీ, షరతులు ఏటా ఆ సంవత్సరం ప్రకటనలో చూసుకుని ఖరారు చేసుకోవాలి. స్విట్జర్లాండ్ సమయం శీతాకాలంలో మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. ఆ నాలుగున్నర గంటలు కలిసొచ్చాయని సంబరపడి చివరి రాత్రికి వదిలేస్తే, 200 ఎంబీ పీడీఎఫ్ అప్‌లోడ్ కాక పడే టెన్షన్ మామూలుగా ఉండదు.

ముందు చోటు వెతకండి

ఫారం తెరిచే ముందు చేయాల్సిన పని ఇది. ‘స్విట్జర్లాండ్ వెళ్లాలని ఉంది’ అని రాస్తే అది టూరిస్టు మాట. ఫలానా ఊళ్లో, ఫలానా సంస్థలో, ఫలానా మనుషులతో ఈ పని చేయాలని ఉంది, అది ఇక్కడ కూర్చుంటే కుదరదు అని చెప్పగలగాలి. ఎంపిక కమిటీలో కూర్చున్నవాళ్లు ఆ ఒక్క మాట కోసమే వెతుకుతారు.

బాసెల్ పక్కనే డ్రైష్‌పిట్జ్ అనే పాత గోదాముల ప్రాంతంలో హెచ్‌ఈకే అనే ఎలక్ట్రానిక్ కళల కేంద్రం ఉంది. నెట్ ఆర్ట్, సాఫ్ట్‌వేర్ ఆర్ట్‌ను ప్రదర్శించడంతో పాటు, పాతబడిన కోడ్‌తో నడిచే కళాఖండాలను ఎలా బతికించాలన్న పని కూడా అక్కడ జరుగుతుంది. పాత ఫ్లాష్ యానిమేషన్లు ఇప్పుడు తెరుచుకోవడం లేదని బాధపడేవాళ్లకు అది సరైన చోటు. జెనీవా సరస్సు ఒడ్డున లా టూర్ ద పేల్ ఊళ్లో లా బెక్ అనే రెసిడెన్సీ ఉంది. ప్రకృతి, సాంకేతికత కలిసే చోట పనిచేసేవాళ్ల మీద దానికి ఆసక్తి ఎక్కువ. జెనీవా దగ్గర సర్న్ ఉంది, భౌతికశాస్త్ర ప్రయోగశాల. వరల్డ్ వైడ్ వెబ్ పుట్టింది అక్కడే, 1989లో. కళాకారులను శాస్త్రవేత్తల పక్కన కూర్చోబెట్టే కార్యక్రమం కూడా దానికి ఉంది. యానిమేషన్ చేసేవాళ్లయితే బాడెన్‌లో సెప్టెంబరులో జరిగే ఫాంటోష్ ఉత్సవం చుట్టూ రీసెర్చ్ ట్రిప్ అల్లుకోవచ్చు. లా బెక్, సర్న్ తమ సొంత ఓపెన్ కాల్స్ కూడా వేస్తుంటాయి. వాటి గడువులు వేరు, ఫారాలు వేరు, కలగాపులగం చేసుకోవద్దు.

చోటు కుదిరాక అక్కడి క్యూరేటర్‌కో (ప్రదర్శనలు రూపొందించేవాళ్లు) ప్రోగ్రాం చూసేవాళ్లకో చిన్న ఈమెయిల్ రాయండి. మీరెవరో రెండు వాక్యాలు, చూడదగ్గ ఒక్క పని లింకు, వాళ్లు చేసిన దేన్ని చూసి రాస్తున్నారో ఒక వాక్యం, ఏం అడుగుతున్నారో ఒక వాక్యం. అంతే. ‘గౌరవనీయులైన’ అంటూ పేజీన్నర మొదలుపెడితే చదివే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు. ఇంగ్లిష్‌లో రాస్తే చాలు, జర్మన్, ఫ్రెంచ్ రావాల్సిన పని లేదు. జవాబుగా వాళ్లు ‘వస్తే కలుస్తాం, ఈ పనికి మా దగ్గర చోటుంది’ అని రాసిన రెండు లైన్ల లెటర్ మీ దరఖాస్తులో అన్నిటికన్నా బరువైన కాగితం. రీసెర్చ్ ట్రిప్‌కైతే ఇలాంటి లెటర్లు మరీ ముఖ్యం. వారం రోజులు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. జులై, ఆగస్టుల్లో అక్కడ అందరూ సెలవుల్లో ఉంటారు, అప్పుడు రాసి బాధపడొద్దు.

ఫారం నింపడం

దరఖాస్తు మొత్తం మండలి సొంత పోర్టల్, మైప్రోహెల్వెటియాలోనే. ఖాతా గడువుకు చాలా ముందే తెరిచిపెట్టుకోండి. మొదట్లోనే మీ రంగం ఏదో ఎంచుకోవాలి. ఇక్కడే డిజిటల్ కళాకారులు తడబడతారు. విజువల్ ఆర్ట్స్ ఒకటుంది, డిజైన్, ఇంటరాక్టివ్ మీడియా ఇంకొకటుంది, మ్యూజిక్ వేరే ఉంది. గేమ్ చేస్తుంటే ఇంటరాక్టివ్ మీడియా, గ్యాలరీలో చూపే వీడియో ఇన్‌స్టలేషన్ అయితే విజువల్ ఆర్ట్స్, లైవ్ కోడింగ్‌తో, అంటే వేదిక మీదే కోడ్ రాస్తూ, సంగీతం చేస్తే మ్యూజిక్. రెండిట్లోకీ వస్తుందనిపిస్తే ఢిల్లీ ఆఫీసుకు ఈమెయిల్ రాసి అడగండి. ఇలాంటి సందేహాలు తీర్చడం కూడా ఆ ఆఫీసు పనే.

పోర్ట్‌ఫోలియో గురించి కాస్త వివరంగా చెప్పాలి. చిత్రకారుడైతే బొమ్మ ఫొటో పెడితే సరిపోతుంది. మన పని అలా కాదు. గదిలో మనిషి నడిస్తే మారే సెన్సర్ పనిని స్టిల్ ఫొటోలో చూపిస్తే చీకటి గదిలో నీలం వెలుగు తప్ప ఏమీ కనపడదు. అందుకే ప్రతి పనికీ రెండు నిమిషాల లోపు వీడియో తీయండి. మనిషి ఏం చేస్తే ఏం జరుగుతోందో మొదటి ఇరవై సెకన్లలోనే కనపడాలి. గేమ్ అయితే ఆడుతున్న స్క్రీన్ రికార్డింగ్ ఇవ్వండి. డౌన్‌లోడ్ చేసుకుని ఆడమంటే ఎవరూ ఆడరు. సినిమా ట్రైలర్‌లా కట్‌ల మీద కట్‌లు, దడదడలాడే మ్యూజిక్ వద్దు. పొడుగు వీడియో ఉంటే ఏ నిమిషం నుంచి చూడాలో రాయండి. పాస్‌వర్డ్ పెట్టిన లింకు అయితే ఆ పాస్‌వర్డ్ లింకు పక్కనే ఉండాలి. గూగుల్ డ్రైవ్ లింకు ఇచ్చి ‘యాక్సెస్ అడగండి’ అని వచ్చేలా వదిలేస్తే ఆ దరఖాస్తు అక్కడితో సరి. పంపే ముందు మీ లింకులన్నీ వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి.

ప్రతి పని కింద మీరు చేసిందేమిటో స్పష్టంగా రాయాలి. కోడ్ మీదా, సౌండ్ ఇంకొకరిదా, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, టచ్‌డిజైనర్‌లో చేశారా, యూనిటీలోనా. ఏఐ వాడి ఉంటే ఏది వాడారో, దానికి ఏ డేటా ఇచ్చారో దాచకుండా చెప్పడమే మేలు. అడిగినప్పుడు నీళ్లు నమిలే పరిస్థితి రాదు.

ప్రాజెక్టు వివరణలో మనవాళ్లు తరచూ పట్టుకునే దారి ఒకటుంది: సంప్రదాయ కళ, దాని పక్కన కొత్త టెక్నాలజీ. తోలుబొమ్మలాటను వీఆర్‌లోకి తెస్తాం, చేర్యాల నకాశీ పటాన్ని యానిమేట్ చేస్తాం, ఇలా. ఆలోచనలో తప్పు లేదు. కానీ నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలకు ఈ ప్రాజెక్టులో చోటేమిటి, వాళ్లు ఒప్పుకున్నారా, బడ్జెట్‌లో వాళ్ల పేరు ఉందా అని ఎవరైనా అడుగుతారు. దానితో పాటు, అది చేయడానికి స్విట్జర్లాండ్ ఎందుకు అని కూడా. ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఆ పేజీ పోస్టర్‌లా ఉంటుంది, ప్రాజెక్టులా ఉండదు. మీ ఊరి చెరువు నీటి మట్టం లెక్కలను శబ్దంగా మార్చే పని పెట్టుకుని, సరస్సుల మీద పరిశోధించే అక్కడి ల్యాబ్‌తో మాట్లాడతానంటే, చిన్న ప్రాజెక్టే అయినా ఎందుకక్కడికి వెళ్తున్నారో చదివినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇది ఒక్కటే దారి కాదు. జర్మనీలో ష్టుట్‌గార్ట్ దగ్గర అకాడెమీ ష్లాస్ సాలిట్యూడ్ ఉంది, అక్కడ ఫెలోషిప్‌లు ఇస్తారు. యునెస్కో ‘మీడియా ఆర్ట్స్’ నగరాలుగా గుర్తించిన లింజ్, కార్ల్స్‌రూహె, సప్పోరో, గ్వాంగ్జు వంటి ఊళ్లు కూడా చూడదగ్గవి. మన హైదరాబాద్ కూడా యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో 2019 నుంచి ఉంది గానీ వంటల నగరంగా! 1993లో మొదలైన రెస్ ఆర్టిస్ అనే అంతర్జాతీయ నెట్‌వర్క్ సైటులో ఇలాంటి కార్యక్రమాలు వందల్లో కనిపిస్తాయి. వాటిలో మీరే డబ్బు కట్టాల్సినవి కూడా ఉంటాయి, కాబట్టి ఎవరు ఏ ఖర్చు భరిస్తారన్న లైను ముందు చదవండి.

ఎంపికయ్యాక వీసా

స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లో 2008 నుంచి ఉంది. షెంజెన్ వీసా మీద ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ‘మూడు నెలలు’ అనే మాట ఇక్కడ మోసం చేస్తుంది. జులై 1న దిగి సెప్టెంబరు 30న బయల్దేరితే 92 రోజులు. సెప్టెంబరు 28కల్లా బయటపడాలి. అంతకు ముందు ఆర్నెల్లలో పారిస్ వెళ్లి వచ్చి ఉంటే ఆ రోజులు కూడా తీసేయాలి. 90 రోజులు దాటే బస అయితే జాతీయ వీసా కావాలి. దానికి మీరు ఉండబోయే కాంటన్ (అక్కడి రాష్ట్రం) అధికారుల అనుమతి రావాలి కాబట్టి సమయం బాగా పడుతుంది.

షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ప్రయాణం ఇంకా 15 రోజులు ఉందనగానే ఇచ్చేయాలి, అంతకన్నా ఆలస్యం చేయకూడదు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 దాకా. వేలిముద్రలు, కాగితాలు హైదరాబాద్‌లోని వీఎఫ్ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) కేంద్రంలోనే ఇవ్వవచ్చు, ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. పెద్దలకు వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

మండలి ఇచ్చిన ఎంపిక పత్రం, ఎవరు ఏ ఖర్చు భరిస్తారో రాసిన ఆహ్వాన పత్రం మీ ఫైలుకు వెన్నెముక. అయినా మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఉద్యోగం ఉంటే సెలవు మంజూరు చేసిన లెటర్ పెట్టండి. ఫ్రీలాన్సర్లు తిరిగి వచ్చాక చేయాల్సిన పనుల కాంట్రాక్టులు జతచేస్తే మంచిది. వారం ముందు బావమరిది దగ్గర తెచ్చి ఖాతాలో వేసిన మూడు లక్షలు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి. అక్కడ డబ్బు తీసుకుని వర్క్‌షాపో షోనో చేసే ఆలోచన ఉంటే హోస్ట్‌కు ముందే చెప్పండి, దానికి విడిగా అనుమతి అవసరం పడొచ్చు.

పేరు సంగతి మనకు ప్రత్యేకం. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, సోషల్ మీడియాలో కళాకారుడిగా వేరే పేరు. ఆహ్వాన పత్రం ఆ మూడో పేరుతో వచ్చిందంటే చిక్కే. దరఖాస్తు చేసే రోజునే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి, కళాకారుడిగా వాడే పేరును విడిగా చెప్పండి.

సామాను

ఖరీదైన కెమెరా, ప్రొజెక్టర్, వీఆర్ హెడ్‌సెట్ తీసుకెళ్తుంటే శంషాబాద్‌లో బయల్దేరే ముందు కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. సీరియల్ నంబర్లు, బిల్లులు చూపించాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నారా అన్న ప్రశ్న ఎదురైతే అదే జవాబు. విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి. 100 వాట్ అవర్ దాటి 160 దాకా ఉన్నవైతే ఎయిర్‌లైన్ అనుమతితో రెండే.

కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సాకెట్ మాత్రం స్విట్జర్లాండ్‌ది దానిదే. సన్నటి రెండు పిన్నుల చార్జర్ దూరుతుంది, మన మూడు పిన్నులది దూరదు, జర్మనీలో వాడే లావు ప్లగ్గు కూడా దూరదు. ఇక్కడి నుంచి మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తీసుకెళ్లి, దాని చివర ఒక్క అడాప్టర్ తగిలిస్తే పనంతా దాని మీద నడుస్తుంది. ఆ సాకెట్లు మామూలుగా 10 ఆంపియర్లవి, హీటరో కెటిలో దానికే తగిలించకండి.