పాత గుడి ఫొటో చేతికొస్తే ఎలా చూడాలి

ముందు కింద రాసిన పేరూ తేదీ నమ్మేయకండి, అవి తర్వాత ఎవరో రాసినవి కావచ్చు. మొదట కాగితం చూడండి. ఫొటోని ఏటవాలుగా పట్టుకుంటే (అంచులే పట్టుకోండి, వేలిముద్రలు పడితే పోవు!) మెరుస్తోందా? అయితే కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ ప్రింట్ అయ్యుండొచ్చు. మెరుపు లేకుండా బొమ్మ కాగితంలోకి ఇంకినట్టుంటే ఉప్పు కాగితం ప్రింట్ (ఉప్పునీళ్లు పట్టించిన కాగితం మీద వేసింది) అనుకోవచ్చు.

తర్వాత భూతద్దం పెట్టి శిల్పాల అంచులు చూడండి. నెగటివ్ (ప్రింట్లు వేయడానికి వాడే మూలప్రతి) గాజుదైతే ఉలి గీతలు కూడా పదునుగా కనిపిస్తాయి, కాగితం నెగటివ్ అయితే కాస్త మసకగా, కాగితం పీచు కనిపించేలా ఉంటుంది. ఆకాశం పూర్తిగా తెల్లగా ఉందా? అప్పటి రసాయనాలు నీలం కాంతికి త్వరగా స్పందించేవి, అందుకే మబ్బులు పడేవి కావు. మరి మబ్బులుంటే? కొంచెం అనుమానించండి, 1850ల్లో దక్షిణాది గుళ్లని ఫొటోలు తీసిన బ్రిటిష్ సైనికాధికారి లిన్నేయస్ ట్రైప్ నెగటివ్ మీదే వాటిని చేత్తో దిద్దేవాడు. తంజావూరు పెద్దగుడి శాసనాల్ని 1858లో 21 ప్రింట్లు అతికించి ఒకే పొడవాటి చిత్రంగా చేసిందీ ఆయనే, ఎంత ఓపికో.

అదే ఏడాది మద్రాసు మ్యూజియంలో ఆయన అమరావతి శిల్పాలు కూడా తీశాడు. 1859లో ఆ శిల్పాల్లో చాలా భాగం లండన్ వెళ్లాయి. ఆ ఫొటోల్ని ఇప్పటి ఫొటోల పక్కన పెట్టి, ఒక్కో ముక్కు, ఒక్కో చెయ్యి పోల్చుకుంటూ పోతే తర్వాత ఏది విరిగిందో తెలుస్తుంది. కాకపోతే నీడ ఎటు పడిందో ముందు చూసుకోండి, నేనోసారి నీడని పగులనుకున్నాను.