నల్లగొండ ఎండకు ఏ కుక్క తాళుతుంది?

"అన్నా, మొదటిసారి కుక్కను తెచ్చుకుంటున్నాం, ఏ జాతి మంచిది?" అని నా పశువుల మందుల దుకాణంలో ఎవరైనా అడిగితే నేనూ కొన్ని ప్రశ్నలు అడుగుతాను. మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు? పైన రేకులా, స్లాబా? కుక్కను కట్టేసే చోట నీడ ఎన్ని గంటలుంటుంది? మే నెలలో మన నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే ఒంటి వేడి దించుకోవాలి.

కాబట్టి హస్కీ జోలికి పోకండి. సైబీరియా మంచులో బండ్లు లాగే జాతి, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. ఏసీ ఉంది కదా అంటారు. కరెంటు పోయిన మధ్యాహ్నం సంగతేమిటి? బొచ్చు గొరిగిస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే, చర్మం ఎండకు కమిలిపోతుంది. పగ్‌ది ఇంకో బాధ. చప్పిడి ముక్కులో గాలి సరిగా ఆడదు, ఎంత రొప్పినా వేడి దిగదు. చిన్న కుక్కే కదా, అపార్టుమెంటులో ఇమిడిపోతుందని కొంటారు గానీ, వేసవి వచ్చిందంటే దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిందే.

లాబ్రడార్ కొత్తవాళ్లకు పనికొస్తుంది. పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది, చెప్పిన మాట వింటుంది. కాకపోతే తిండిపోతు. అడిగినప్పుడల్లా పెరుగన్నం పెడితే ఒళ్లు చేసి తుంటి కీళ్లు పట్టేస్తాయి. జర్మన్ షెపర్డ్ మంచి తెలివైనది, అందుకే దానికి రోజూ పని, శిక్షణ కావాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో వద్దు.

నన్నడిగితే నాటు కుక్కపిల్లను మించింది లేదు. పొట్టి బొచ్చు, పొడుగు మూతి, ఈ ఎండలకు తరతరాలుగా అలవాటుపడిన ఒళ్లు. కాపలాకు దాన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. "ఊరకుక్కనా?" అని చుట్టాలు మూతి విరుస్తారు, విరవనివ్వండి.

ఏ జాతైనా పిల్లకు ఎనిమిది వారాలు నిండాలి. అంతకన్నా చిన్న పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. తల్లిని చూపించమనండి, తల్లి బెదురుబోతుదైతే మరోచోట చూసుకోండి. పిల్లను ఒళ్లో పెట్టుకుని పై పెదవి ఎత్తండి, చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే నులిపురుగులో పిడుదులో రక్తం తాగుతున్నాయేమోనని అనుమానించాలి. చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో వేలు పెట్టి తడమండి, పిడుదులు దాక్కునేది అక్కడే. ఒళ్లంతా బక్కచిక్కి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే కడుపులో పురుగులున్నట్టే. దానికి మందుంది, ఆ ఒక్క కారణానికి పిల్లను వదులుకోనక్కర్లేదు.

తెచ్చిన వెంటనే పశువైద్యుడికి చూపించి టీకాల తేదీలు రాయించుకోండి. రేబిస్ టీకా మూడో నెలలో వేయిస్తారు, ఆ తర్వాత ఏటా మరవకూడదు. పార్వో అంటే పిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు. దాని టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను వీధిలో దించకండి, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది.