బోటు ఇంజన్ సౌండ్ తగ్గించడం ఎలా? ఫోమ్ కొనే ముందు చేయాల్సిన పనులు

హైదరాబాద్‌లో బోటేంటి అని నవ్వేవాళ్ళుంటారు గానీ హుస్సేన్ సాగర్‌లో లుంబినీ పార్క్ నుంచి బుద్ధుడి దగ్గరికి తిరిగే లాంచీలున్నాయి, దుర్గం చెరువులో బోట్లున్నాయి, సెయిలింగ్ క్లబ్బుల వెంట తిరిగే రెస్క్యూ బోట్లున్నాయి, నాగార్జున సాగర్ వైపు పోతే ఇంకా ఉన్నాయి. డీజిల్ ఇంజన్ లోపల బిగించిన ఏ బోటులో అయినా గోల ఒక్కటే, స్టార్ట్ చేశాక పక్కన కూర్చున్నవాళ్ళతో అరిచి మాట్లాడాలి. దీనికి అందరూ చేసేది ఏంటంటే బజార్‌కి పోయి స్పాంజ్ షీట్, అంటే ఫోమ్, తెచ్చి ఇంజన్ బాక్స్ మూత లోపల అంటించేయడం. దాంతో సౌండ్ కొంచెం మొద్దుబారుతుంది గానీ తగ్గదు. స్పాంజ్ పనికిరాదని కాదు నేను చెప్పేది, అది ఆఖర్న చేయాల్సిన పని, మనోళ్ళు దాన్నే మొదట చేస్తున్నారు.

ఎందుకు తగ్గదో ఒక చిన్న లెక్క చూడండి. మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ డీజిల్ ఇంజన్ 2000 ఆర్‌పీఎంలో తిరిగితే సెకనుకి 50 సార్లు ఫైర్ అవుతుంది, అంటే దాని అసలు మోత 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ సౌండ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడుగు అలని ఒక ఇంచు మందం స్పాంజ్ ఏం పీలుస్తుంది? అది పీల్చేది పైస్థాయి సౌండ్‌ని, టప్పెట్ల టకటక, బెల్ట్ కీచు, గేర్ బాక్స్ ఈల లాంటివి. కింది డుగుడుగు మాత్రం అట్లాగే ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఇంజన్ కింద ఉండే రబ్బర్ మౌంటింగులు బాగుండాలి, సందులు మూయాలి, బరువున్న షీట్ అడ్డం పెట్టాలి.

ముందు కొలవండి

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకోండి. ఫోన్ కొలత పక్కా కాదు, అయినా ముందుకీ తర్వాతకీ తేడా తెలుసుకోవడానికి చాలు, కాకపోతే ప్రతిసారీ అదే ఫోన్, అదే చోటు, అదే ఆర్‌పీఎం ఉండాలి. డ్రైవర్ చెవి దగ్గర ఒకటి, వెనక సీటు దగ్గర ఒకటి రాసి పెట్టుకోండి. రోజుకి 8 గంటలు వినేవాళ్ళకి 85 డెసిబెల్స్ దాటకూడదని అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియాష్ సంస్థ సలహా ఇస్తుంది, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగం అవుతుంది, అంటే 94 ఉంటే ఒక్క గంటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాంచీ తిప్పే డ్రైవర్ సంగతి దీన్నిబట్టి మీరే ఆలోచించండి, టూరిస్టులైతే అరగంటలో దిగి వెళ్ళిపోతారు.

కొలిచేటప్పుడే రెండు టెస్టులు చేసేయండి. మూత తీసి ఒకసారి, మూసి ఒకసారి చూడండి, రెండింటికీ పెద్ద తేడా లేదంటే బాక్స్ చుట్టూ సందులైనా ఉన్నాయి, లేదా సౌండ్ గాల్లోంచి కాకుండా బోటు బాడీలోంచి పాకుతోంది. తర్వాత న్యూట్రల్‌లో ఎంత, అదే ఆర్‌పీఎంలో గేర్ వేశాక ఎంత అని చూడండి. గేర్ వేసినప్పుడే బాగా పెరుగుతుంటే అనుమానం ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ మీద, ప్రొపెల్లర్ మీద పెట్టాలి. హుస్సేన్ సాగర్‌లో అయితే ప్రొపెల్లర్‌కి గుర్రపు డెక్క, ప్లాస్టిక్ కవర్లు చుట్టుకోవడం మామూలే, నిమజ్జనం అయిన కొత్తలో బట్టలు, తాళ్ళు, కర్రలు కూడా తగులుతాయి. రెక్క కొంచెం వంగినా బోటంతా వణుకుతుంది, దానికి ఎన్ని షీట్లు అంటించినా దండగే, ముందు రెక్క సరిచేయించుకోవాలి.

స్టెప్ 1: వణుకు ఆపండి

ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి స్టీలు పళ్ళెం మీద ఉంచితే ఎట్లా మోగుతుంది, మడిచిన టవల్ మీద ఉంచితే ఎట్లా మోగుతుంది, ఇంజన్‌కీ బోటు ఫ్లోర్‌కీ మధ్య అంతే తేడా ఉంటుంది. ఇంజన్ ఆపేసి టార్చ్ వేసి నాలుగు మౌంటింగులూ చూడండి. రబ్బర్ పగిలిందా, డీజిల్ పడీ ఆయిల్ పడీ ఉబ్బిందా, రబ్బర్ ఇనుము నుంచి ఊడిందా, ఒక పక్క ఎక్కువ అణిగిపోయిందా? వీటిలో ఏదున్నా మార్చేయండి, ఒక్కటే పోయిందని ఒక్కటే మార్చడం కన్నా సెట్ మార్చుకోవడం మేలు, ఎందుకంటే కొత్తదీ పాతదీ ఒకేలా అణగవు.

పాత లాంచీలు కొన్నిటిలో ఇంజన్‌ని చెక్క దిమ్మె మీదే నేరుగా బోల్టులేసి బిగించేస్తారు. అట్లాంటి చోట కింద రబ్బర్ షీట్ ముక్క దూర్చితే సరిపోతుందనుకోవద్దు. ఇంజన్ రబ్బర్ మీద కూర్చుంటే కదులుతుంది, అది కదిలితే షాఫ్ట్‌కి ఫ్లెక్సిబుల్ కప్లింగ్, సైలెన్సర్ పైపుకి ఫ్లెక్సిబుల్ ముక్క, డీజిల్ పైపుకి మెత్తటి హోస్ ఇవన్నీ కావాలి, లేదంటే ఏదో ఒకటి విరుగుతుంది. ఈ మార్పు మెకానిక్‌తోనే చేయించండి.

మౌంటింగ్ ముట్టుకున్నాక అలైన్‌మెంట్, అంటే ఇంజన్, షాఫ్ట్ ఒకే గీతలో ఉన్నాయా అనేది తప్పకుండా చూడాలి. ఇంజన్‌నీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి నాలుగు వైపులా కొలుస్తారు. మెకానిక్‌లు వాడే లెక్క ఏంటంటే కప్లింగ్ ప్రతి ఇంచు వ్యాసానికి తేడా వెయ్యోవంతు ఇంచు దాటకూడదు, అంటే 4 ఇంచుల కప్లింగ్‌కి సుమారు 0.1 ఎంఎం. ఇది బోటు నీళ్ళలో ఉన్నప్పుడే చూడాలి, గట్టు మీదకి లాగాక బాడీ ఆకారం కొద్దిగా మారుతుంది, అక్కడ కరెక్ట్‌గా పెట్టింది నీళ్ళలో తప్పుతుంది.

సైలెన్సర్ పైపు, ఫిల్టర్, కేబుళ్ళు ఇవి పలకకి డైరెక్ట్‌గా క్లిప్ వేసి ఉంటే ఆ క్లిప్పుల్లో రబ్బర్ పెట్టండి. చిన్న పనే, ఒక్కోసారి ఒక్క క్లిప్పే మొత్తం సీటుని మోగిస్తుంటుంది.

స్టెప్ 2: సైలెన్సర్

పైపు జాయింట్ల దగ్గర నల్లగా మసి కనపడితే అక్కడ లీకేజీ ఉన్నట్టు. ఇది సౌండ్ సమస్య మాత్రమే కాదు, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, వాసన ఉండదు, మనిషి ప్రాణం తీస్తుంది, కాబట్టి మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దీన్ని చేయించండి. నీళ్ళతో చల్లబడే సైలెన్సర్ ఉన్న బోట్లలో సౌండ్ ఉన్నట్టుండి బొంగురుగా మారితే నీటి పంపు ఇంపెల్లర్ (లోపల నీళ్ళు తోసే చక్రం) చూడండి, నీళ్ళు తక్కువ వస్తే సౌండూ పెరుగుతుంది, హోస్ కూడా కాలుతుంది.

స్టెప్ 3: సందులు, చిల్లులు

నన్నడిగితే డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఉండే పని ఇదే. ఒక పలకలో 1 శాతం చిల్లి ఉంటే ఆ పలక ఎంత గొప్పదైనా 20 డెసిబెల్స్ కన్నా ఎక్కువ ఆపలేదు, 10 శాతం ఉంటే 10 డెసిబెల్సే. ఒక శాతం అంటే ఎంతో చూడండి, మీటర్ పొడవు మీటర్ వెడల్పు మూతకి చుట్టూ రెండున్నర ఎంఎం సందు ఉంటే చాలు, ఒక శాతం అయిపోయింది. కంటికి కూడా సరిగ్గా కనపడదు. రాత్రిపూట ఇంజన్ ఆపి బాక్స్ లోపల లైట్ వేసి మూత పెట్టండి, బయటికి ఎక్కడెక్కడ వెలుగు వస్తుందో సౌండ్ కూడా అక్కడ్నుంచే వస్తుంది.

మూత అంచుకి రబ్బర్ బీడింగ్ వేయండి, కారు డోర్లకి ఉండే గుల్ల బీడింగ్ బాగా పనిచేస్తుంది. బీడింగ్ ఒక్కటే చాలదు, మూతని కిందికి లాగి పట్టే లాచ్‌లు కూడా కావాలి, మూత ఊరికే పైన కూర్చుంటే బీడింగ్ అణగదు. కేబుళ్ళు పోయే చిల్లులకి గ్రోమెట్లు (రబ్బర్ రింగులు) వేయండి.

ఒక్క చిల్లి మాత్రం మూయకూడదు, ఇంజన్‌కి గాలి వచ్చేది. అది మూస్తే పొగ పెరుగుతుంది, పవర్ పడిపోతుంది, మన మే నెల ఎండలో బాక్స్ లోపల పొయ్యే. గాలి దారిని మూయకుండా వంపు తిప్పండి. ప్లైవుడ్‌తో ఎల్ ఆకారంలో చిన్న డబ్బా చేసి లోపల ఫోమ్ అంటిస్తే గాలి వంపు తిరిగి వస్తుంది, సౌండ్ మాత్రం గోడలకి తగిలి చచ్చిపోతుంది. లోపల ఫోమ్ వేశాక కూడా దారి వెడల్పు ముందున్నంతే మిగలాలి. అపార్ట్‌మెంట్ జనరేటర్ల క్యానోపీల్లో, అంటే వాటిని కప్పే ఇనుప కంటెయినర్లలో చేసేది ఇదే పని, ఆ జనరేటర్లకి మీటర్ దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రభుత్వ రూల్ ఉంది కదా, ఆ కంటెయినర్ తలుపు ఎప్పుడైనా తెరిచి ఉంటే లోపలికి తొంగి చూడండి, గాలి దారి ఎట్లా తిప్పారో అర్థమవుతుంది. పెట్రోల్ ఇంజన్ బోటు అయితే పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ దారి అస్సలు ముట్టుకోవద్దు, ఆ ఆవిరి నిలిస్తే స్టార్ట్ కొట్టగానే పేలుతుంది.

స్టెప్ 4: ఇప్పుడు మెటీరియల్

బోటు కోసం చేసిన షీట్ పొరలు పొరలుగా ఉంటుంది. పలక వైపు పల్చటి ఫోమ్, దాని మీద బరువైన వినైల్ షీట్, దాని మీద మందం ఫోమ్, ఇంజన్ వైపు అల్యూమినియం ఫాయిల్ లేదా ప్లాస్టిక్ ఫిల్మ్. మధ్యలో ఉన్న బరువు షీటే అసలు సరుకు, చదరపు మీటర్‌కి 5 కిలోలు ఉండేది మామూలుగా వాడతారు, దాదాపు 3 ఎంఎం మందం. బరువు రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం ఇంకో 6 డెసిబెల్స్ ఆగుతుంది, అదీ సందులు మూసి ఉంటేనే. కొనే ముందు బరువు లెక్క కూడా వేసుకోండి, మీటర్‌కి మీటర్ మూత, నాలుగు పక్కలా 60 సెంటీమీటర్ల ఎత్తు గోడలున్న బాక్స్‌కి 3.4 చదరపు మీటర్లు పడుతుంది, అంటే వినైలే 17 కిలోలు, అందులో 5 కిలోలు మూత మీదే. మూతకున్న పాత కబ్జాలు (హింజ్‌లు) దాన్ని మోస్తాయా?

ఇనుప బాడీ, అల్యూమినియం బాడీ అయితే పలక మోగడం ఆపడానికి ముందు కార్లకి వేసే బ్యూటైల్ షీట్ అంటించండి, కారు డెకార్ షాపుల్లో దొరుకుతుంది. పలకంతా వేయక్కర్లేదు, మధ్య భాగంలో వేసినా మోత చాలావరకు పోతుంది. మందం ఫైబర్ బాడీకి దీని అవసరం తక్కువ.

రబ్బర్ షీట్లు, బీడింగులు, లాచ్‌లు, నట్లు బోల్టులకి రాణిగంజ్ పోతే చాలు. సౌండ్ షీట్ల కోసం బాలానగర్, జీడిమెట్ల వైపు జనరేటర్ క్యానోపీలు చేసేవాళ్ళని కూడా అడగొచ్చు, కానీ వాళ్ళ దగ్గర ఉండే రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటిది) బోటుకి అట్లాగే వేయొద్దు. అది కాలదు, నిజమే, కానీ నీళ్ళు తాగితే వదలదు. ఏసీ డక్టులకి చుట్టే నల్ల నైట్రైల్ షీట్ వేడికి మంచిదే, సౌండ్‌ని పెద్దగా పీల్చదు. గుడ్ల ట్రేలా ఉండే స్టూడియో ఫోమ్, థర్మోకోల్, పాత పరుపు ముక్కలు, కార్పెట్ ఇవి ఇంజన్ రూమ్‌లోకి తేనేవద్దు, డీజిల్ ఆవిరి పీల్చుకుని ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటాయి. చిన్న బోట్ల ఫైర్ సేఫ్టీకి ఐఎస్ఓ 9094 అని స్టాండర్డ్ ఉంది, దాని ప్రకారం ఇంజన్ వైపు ఉండే ముఖం ఇంధనం పీల్చకూడదు. షాపులో డేటా షీట్ అడగండి. అది చూపించలేనివాడి దగ్గర కొనకపోతే మీకే మంచిది.

స్టెప్ 5: అంటించడం

ఇక్కడ టైమంతా క్లీనింగ్‌కే పోతుంది, పోనివ్వండి. పలక మీద డీజిల్ జిడ్డు కొంచెం ఉన్నా గమ్ పట్టదు. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచి, గుడ్డకి నలుపు అంటని దాకా చేయండి. ఈ పనంతా బ్యాటరీ కనెక్షన్ తీసేసి, మూత తెరిచి గాలి ఆడేలా పెట్టి చేయండి, సిగరెట్ మాట ఎత్తొద్దు, థిన్నర్, గమ్ రెండూ అంటుకునేవే.

అట్ట ముక్కలతో ముందు నమూనా కోసుకుని, సరిపోయాక షీట్ కోయండి. ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బర్ గమ్ అయితే రెండు వైపులా పల్చగా రాసి చేతికి అంటనంత ఆరాకే అతికించాలి, తడిగా అతికిస్తే జారుతుంది. మూత లోపల వైపు, అంటే తలకిందులుగా వేలాడే చోట గమ్‌ని నమ్మొద్దు, పెద్ద వాషర్లు పెట్టి స్క్రూలు కూడా వేయండి. మన ఎండకి గమ్ మెత్తబడి షీట్ ఊడి బెల్ట్ మీదో కాలే పైపు మీదో పడితే సౌండ్ సంగతి దేవుడెరుగు, మంటలొస్తాయి. స్క్రూ పొడవు ముందే చూసుకోండి, బోటు బాడీ వైపు గోడలో అయితే స్క్రూ వేయనేవద్దు, నీటి మట్టం కింద చిల్లి పడితే అంతే.

ముక్కల మధ్య జాయింట్లకీ, కోసిన అంచులన్నిటికీ ఫాయిల్ టేప్ వేయండి, బయటపడ్డ ఫోమ్ అంచు ఆయిల్ తాగేది అక్కడ్నుంచే. అడుగున నీళ్ళు నిలిచే ఎత్తుకి పైనే షీట్ ఆపేయండి. సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కి దగ్గరగా వచ్చే చోట షీట్ వేయకుండా వదిలేయండి, పైపుకి గ్లాస్ ఫైబర్ టేప్ చుట్టండి. ఆయిల్ డిప్ స్టిక్, ఫిల్టర్లు, నీటి వాల్వ్ దగ్గరికి చెయ్యి పోవాలి, వాటిని కప్పేస్తే రేపు సర్వీసింగ్‌కి వచ్చిన మెకానిక్ షీట్ చింపేసి పోతాడు.

స్టెప్ 6: నడిపి చూడండి

లోడ్‌తో ఒక గంట నడపండి. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ ముందున్న ఆర్‌పీఎం అందుకోవాలి, అందుకోకపోయినా, టెంపరేచర్ ముల్లు ముందుకన్నా పైకి పోయినా గాలి చాలట్లేదని అర్థం, దారి పెద్దది చేయండి. తర్వాత అవే చోట్ల మళ్ళీ కొలవండి. 3 డెసిబెల్స్ తగ్గితే చెవికి అంతగా తెలీదు, 10 తగ్గితే సౌండ్ సగమైనట్టు అనిపిస్తుంది. 8, 10 దాకా తగ్గిందంటే పని బాగా కుదిరినట్టే. తగ్గాక కూడా 85 పైనే ఉంటే డ్రైవర్‌కి ఇయర్ మఫ్స్ కొనివ్వండి.

వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్‌కి ఈ షీట్లు అంటించే పని కుదరదు. దాని టోపీ లోపల ఫోమ్ అంటిస్తే గాలీ ఆగుతుంది, వేడీ పెరుగుతుంది. టోపీ రబ్బర్ సీల్, క్లాంపులు, మౌంట్ రబ్బర్లు, ప్రొపెల్లర్, ఈ నాలుగూ చూసుకోవడమే. పాత టూ స్ట్రోక్ అయితే ఫోర్ స్ట్రోక్‌కి మారడమే పెద్ద తేడా.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ టార్చ్ వేసి షీట్ మీద ఒక చూపు వేయండి. ఫాయిల్ చిరిగితే టేప్ వేసేయండి. ఎక్కడైనా ఫోమ్ నొక్కితే డీజిల్ ఊరుతుంటే ఆ ముక్క మొత్తం తీసి కొత్తది వేయాలి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ అంటించొద్దు.