కాలేజీ లైబ్రరీని రిజిస్టర్ల నుంచి కోహాలోకి మార్చడం ఎలా?

పరీక్షలు అయిపోయిన వారం రిజిస్టర్లతో నడిచే లైబ్రరీకి ఒకసారి వెళ్లి చూడండి. ఫైనలియర్ పిల్లలు నో డ్యూస్ కాగితం పట్టుకుని కౌంటర్ ముందు బారులు తీరి ఉంటారు. లోపల లైబ్రేరియన్ మూడేళ్ల ఇష్యూ రిజిస్టర్లు ముందేసుకుని ఒక్కో పేరూ వెతుకుతుంటారు. ఎప్పుడో తిరిగిచ్చేసిన పుస్తకానికి ఎదురుగా సంతకం లేకపోతే ఆ పిల్లవాడి టీసీ ఆగిపోతుంది. తప్పు ఎవరిదో తేలదు, టెన్షన్ మాత్రం ఇద్దరిదీ.

ఈ ఇబ్బంది తీరడానికి లక్షలు పోయనక్కర్లేదు. యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ లైబ్రరీ అయినా, అనుబంధ డిగ్రీ కాలేజీ లైబ్రరీ అయినా కోహా అనే, లైబ్రరీ పనులన్నీ చూసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పని జరిపించుకోవచ్చు. నేను ఈ పని దగ్గరుండి చేశాను. నాకు అర్థమైందేమిటంటే, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఇందులో చాలా చిన్న భాగం. అసలు పనంతా అలమరల దగ్గర, ఆక్సెషన్ రిజిస్టర్ (కొన్న ప్రతి పుస్తకానికీ వరస నంబరు ఇచ్చి రాసుకునేది) దగ్గర ఉంటుంది.

కోహాయే ఎందుకు?

న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీల కోసం 1999లో దీన్ని రాశారు. వాళ్ల పాత సిస్టమ్ 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేదని తెలిసి, కొత్తది కొనే బదులు తయారుచేయించుకున్నారు. తర్వాత అందరికీ ఉచితంగా వదిలేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. 2000 జనవరి నుంచి వాడకంలో ఉంది.

మన దేశంలో ప్రభుత్వ సంస్థలైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్, ఎన్‌ఐసీ వారి ఈ-గ్రంథాలయ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. అవి ఇప్పటికే నడుస్తుంటే మార్చాల్సిన అవసరం లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం కోహాయే చెబుతాను. దానికి నా కారణం ఒక్కటే. మాకు అంతకుముందు ఒక ప్రైవేటు సాఫ్ట్‌వేర్ ఉండేది. కొన్నాళ్లకు ఆ కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ఎనిమిది వేల పుస్తకాల వివరాలు అందులోనే ఇరుక్కుపోయాయి. తెరమీద కనిపిస్తాయి, బయటికి మాత్రం రావు. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా సరే, "నా డేటా మొత్తం నేనే బయటికి తీసుకోగలనా?" అన్నది మొదట అడగండి. కోహాలో తీసుకోవచ్చు, అదీ ప్రపంచమంతా వాడే మార్క్ 21 అనే పుస్తక వివరాల పద్ధతిలో.

మొదటి పని: పుస్తకాలు లెక్కపెట్టండి

కంప్యూటర్ ఆన్ చేయకముందే స్టాక్ వెరిఫికేషన్ పూర్తి చేయండి. ఆక్సెషన్ రిజిస్టర్‌లో పన్నెండు వేల పుస్తకాలుంటే అలమరల్లో పన్నెండు వేలూ ఉండవు. పోయినవి, చెదలు పట్టినవి, ఎప్పుడో రిటైరైన మేష్టారి ఇంట్లో ఉండిపోయినవి అన్నీ ఇప్పుడే తేలాలి. లేని పుస్తకాన్ని క్యాటలాగ్‌లో ఎక్కిస్తే, దాని కోసం ఏటా ఎవరో ఒక విద్యార్థి అలమరల మధ్య తిరిగి తిరిగి ఉత్త చేతులతో వెళ్తాడు.

ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు రిజిస్టర్ చదవాలి, ఒకరు అలమర చూడాలి. దొరికినదానికి పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. దొరకనివాటి జాబితా వేరుగా రాసి, ప్రిన్సిపాల్ ద్వారా లైబ్రరీ కమిటీ ముందు పెట్టి రైట్ ఆఫ్ (లెక్కల్లోంచి తీసేయడం) సంగతి తేల్చుకోండి. ఒకే ఆక్సెషన్ నంబరు రెండు పుస్తకాలమీద పడిన సందర్భాలూ బయటపడతాయి. వాటిని ఇప్పుడే సరిచేయండి, ఎందుకంటే రేపు ఆ నంబరే బార్‌కోడ్ అవుతుంది.

రిజిస్టర్‌ను మాత్రం పారేయొద్దు. ఆడిట్‌కి అదే ఆధారం.

సిస్టమ్ ఎక్కించడం

8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు డెస్క్‌టాప్, దానికో యూపీఎస్ చాలు, చిన్న లైబ్రరీకి. కోహా లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌మీద, అంటే దాని రకాలైన డెబియన్ లేదా ఉబుంటు మీద నడుస్తుంది. మీ కాలేజీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో లినక్స్ తెలిసిన లెక్చరర్‌ను, ఉత్సాహం ఉన్న ఇద్దరు విద్యార్థులను అడగండి. కోహా వెబ్‌సైట్‌లోని సూచనలు చూసుకుంటూ ఒకట్రెండు రోజుల్లో ఎక్కించేస్తారు. పిల్లలకు అది ప్రాజెక్టుగా కూడా పనికొస్తుంది. పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ పిల్లల దగ్గరే ఉండిపోకుండా కాగితంమీద రాయించి, కవరులో పెట్టి ఆఫీసు బీరువాలో దాచండి.

ఒక సెట్టింగ్ మాత్రం మొదటిరోజే చెప్పి పెట్టించుకోండి. కోహా వెతుకులాటకు జీబ్రా అనే ఇంజిన్ వాడుతుంది. మామూలుగా అది ఇంగ్లీషు లాంటి లిపులకు సరిపోయే పద్ధతిలో వస్తుంది. తెలుగు పుస్తకాలు దొరకాలంటే ఇండెక్సింగ్‌ను అన్ని లిపులకూ పనికొచ్చే ఐసీయూ అనే పద్ధతికి మార్చాలి.

వివరాలు ఎక్కించడం

2007 నుంచి పుస్తకాలమీద అది ఏ పుస్తకమో గుర్తించే 13 అంకెల ఐఎస్‌బీఎన్ ఉంటోంది, అంతకుముందు 10 అంకెలది. ఆ నంబరు కొట్టి జడ్ 39.50 అనే సౌకర్యంతో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లాంటి చోట్ల నుంచి వివరాలు నేరుగా తెచ్చుకోవచ్చు. ఇంగ్లీషు టెక్స్ట్ పుస్తకాల్లో చాలావాటికి టైపు చేసే పని తప్పుతుంది. కాల్ నంబరు (పుస్తకం అలమరలో ఎక్కడ ఉండాలో చెప్పేది) మీ లైబ్రరీ పద్ధతికి సరిపోయిందో లేదో చూసుకుని సేవ్ చేస్తే చాలు.

ఇదివరకే ఎక్సెల్‌లో జాబితా ఉంటే మార్క్ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో దాన్ని మార్క్ రికార్డులుగా మార్చి ఒకేసారి ఎక్కించొచ్చు. ఏ కాలమ్ మార్క్‌లో నంబర్లతో ఉండే ఏ ఫీల్డ్‌లోకి వెళ్లాలో చెప్పాలి: రచయిత 100, పుస్తకం పేరు 245, డ్యూయీ (విషయాన్ని బట్టి పుస్తకాలను వర్గీకరించే పద్ధతి) నంబరు 082. ఇక ఆక్సెషన్ నంబరు, ధర, కొన్న తేదీ లాంటి కాపీ వివరాలన్నీ 952లోకి వెళ్తాయి. ముందు ఇరవై పుస్తకాలతో ప్రయత్నించి, అవి సరిగా కనిపించాకే మిగతావి ఎక్కించండి.

ఎన్నాళ్లు పడుతుందని అందరూ అడుగుతారు. చేత్తో ఎక్కిస్తే పుస్తకానికి నాలుగు నిమిషాలు వేసుకోండి. రోజుకు ఐదు గంటలు కూర్చుంటే మనిషికి 75 పుస్తకాలు, ఇద్దరికి 150. పన్నెండు వేలకు 80 పని దినాలు. ఈ లెక్క ప్రిన్సిపాల్‌కు ముందే రాసి ఇవ్వండి. నెలలో అయిపోతుందని మాట ఇస్తే, హడావిడిలో తప్పుల కుప్ప తయారవుతుంది.

తెలుగు పుస్తకాల దగ్గర ఆగండి

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇక్కడే. చాలా లైబ్రరీల్లో ఇంగ్లీషు పుస్తకాలన్నీ శ్రద్ధగా ఎక్కించి, తెలుగువి వచ్చేసరికి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టేస్తారు. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగులో "అర్థశాస్త్రం" అని కొడితే ఒక్క పుస్తకమూ రాదు. ఆ పుస్తకాలు నలభై దాకా ఆమె వెనకాల అలమరలోనే ఉంటాయి.

అందుకని పుస్తకం పేరు 245లో తెలుగు లిపిలోనే, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే ఎక్కించండి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలు ఉంటే నేరుగా తెచ్చి పెట్టకండి. ఆ ఫాంట్ లేనిచోట అవి అర్థంకాని ఇంగ్లీషు గుర్తుల్లా కనిపిస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

తర్వాత 246 ఫీల్డ్. ఇది పుస్తకానికి ఉన్న వేరే పేర్ల కోసం. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు పిల్లలకు ఎక్కువ కాబట్టి, ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా కొడతారో ఇక్కడ ఒకటి రెండు రకాలుగా ఇవ్వండి. మామూలుగా జరిగే తప్పులు కూడా ఇక్కడే పెట్టొచ్చు. "అర్థశాస్త్రం" బదులు "అర్ధశాస్త్రం" అని రాసేవాళ్లు ఎంతమంది లేరు? థకు, ధకు తేడా మనం సరిగా రాయాలి. అయితే పొరపాటున ధ కొట్టిన విద్యార్థికి కూడా పుస్తకం దొరకాలి.

కంటికి కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. "సాఫ్ట్‌వేర్" అని విడిగా కనిపించడానికి ట్ పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అని వ ఒత్తుతో కలిసిపోతుంది. కంప్యూటర్ లెక్కలో ఇవి రెండు వేర్వేరు పదాలు. ఒకరు ఒకలా, ఇంకొకరు మరోలా ఎక్కిస్తే సగం పుస్తకాలే దొరుకుతాయి. ఎక్కించేవాళ్లంతా ఒకే కీబోర్డు వాడాలని, ఇలాంటి పదాలను ఒకే తీరుగా కొట్టాలని మొదటిరోజే అనుకోండి.

రచయితల పేర్లకు కూడా నియమం ఒకటి కాగితంమీద రాసుకోవాలి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఒకరు "గురజాడ అప్పారావు" అని, ఒకరు "అప్పారావు, గురజాడ" అని ఎక్కిస్తే ఒకే మనిషి రెండు చోట్ల కనిపిస్తారు. కలం పేర్లదీ ఇదే గొడవ. శ్రీశ్రీ అని ఒక రికార్డు, శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇంకో రికార్డు తయారవుతాయి. కోహాలో అథారిటీ రికార్డు (ఒక రచయితకు ఉన్న పేర్లన్నీ ఒకచోట చేర్చేది) పెడితే ఒక పేరుకు రెండోదాన్ని ముడివేయొచ్చు. ఏ పేరుతో వెతికినా దొరికేలా చేసే సెట్టింగ్ కూడా ఉంది, దాన్ని ఆన్ చేయండి.

వర్గీకరణ విషయంలో తికమక లేదు. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, తెలుగు భాష 494.827.

బార్‌కోడ్లు

ఆక్సెషన్ నంబరునే బార్‌కోడ్‌గా పెట్టుకోండి, మళ్లీ కొత్త నంబర్లెందుకు? ఎ4 స్టిక్కర్ షీట్లమీద మామూలు లేజర్ ప్రింటర్‌తో తీసుకోవచ్చు. ఒక్కో నంబరు రెండేసి తీయండి. ఒకటి టైటిల్ పేజీమీద, రెండోది మీ సీక్రెట్ పేజీ (లైబ్రరీ గుర్తు కోసం ప్రతి పుస్తకంలో మీరు ఎంచుకున్న పేజీ) మీద. అట్ట ఊడినా పుస్తకం గుర్తు పోదు. అంటించగానే స్కాన్ చేసి, తెరమీద వచ్చిన పేరు, చేతిలో ఉన్న పుస్తకం ఒకటేనా అని చూడాలి. ఈ చివరి పని విసుగనిపిస్తుంది. అయినా మానొద్దు.

విద్యార్థుల వివరాలు

అడ్మిషన్ సెక్షన్ నుంచి ఎక్సెల్ తీసుకుని ఒకేసారి ఎక్కించొచ్చు. కార్డు నంబరుగా హాల్‌టికెట్ నంబరు పెట్టండి. ఇక్కడ ఎక్సెల్ చేసే మోసం ఒకటి తెలిసుండాలి. పన్నెండు అంకెల హాల్‌టికెట్ నంబరును అది సంఖ్య అనుకుని 1.00221E+11 అని చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా (కోహాలోకి ఎక్కించే సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి, క్లాసులో అందరికీ ఒకే నంబరు వస్తుంది. మొదట్లో సున్నా ఉంటే అదీ ఎగిరిపోతుంది. అందుకే ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, తర్వాత నంబర్లు పెట్టండి. పేర్లు తెలుగులో ఉంటే సీఎస్‌వీని యూనికోడ్ రకమైన యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి, లేదంటే అన్నీ ప్రశ్నార్థకాలే.

ఆధార్ నంబరు, కులం, కుటుంబ ఆదాయం లాంటివి ఆ ఎక్సెల్‌లో ఉంటే తీసేసి మరీ ఎక్కించండి. పుస్తకం ఇవ్వడానికి అవేవీ అక్కర్లేదు. కార్డు గడువు తేదీ మాత్రం కోర్సు ముగిసే నెలకు పెట్టండి.

ఇష్యూ నియమాలు

ఎవరికి ఎన్ని పుస్తకాలు, ఎన్ని రోజులు, ఫైన్ ఎంత అన్నది కమిటీ తీర్మానంలో ఉన్నదే పెట్టండి. సెలవుల క్యాలెండర్ నింపడం మర్చిపోవద్దు. ఆదివారాలు, దసరా, సంక్రాంతి సెలవులు అందులో పెట్టి, ఫైన్ లెక్క ఆ క్యాలెండర్ ప్రకారమే జరిగేలా చూడండి. లైబ్రరీ మూసి ఉన్న రోజులకు పిల్లలమీద ఫైన్ పడటం అన్యాయం.

బ్యాకప్

కోహా రోజూ తనంతట తనే బ్యాకప్ తీసుకుంటుంది, కానీ అదే కంప్యూటర్‌లో పెడుతుంది. డిస్కు పోతే రెండూ పోతాయి. వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని లైబ్రరీలో కాకుండా వేరే గదిలో ఉంచండి. మూడు నెలలకోసారి ఇంకో కంప్యూటర్‌మీద ఆ బ్యాకప్‌ను తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

మొదలుపెట్టే రోజు

ఎండాకాలం సెలవుల్లో పనిచేసి, కొత్త సంవత్సరం క్లాసులతో మొదలుపెట్టడం మంచిది. పుస్తకాలన్నీ ఎక్కేదాకా ఆగకండి. ఎక్కువగా తిరిగే టెక్స్ట్ పుస్తకాల అలమర పూర్తయితే చాలు, కౌంటర్ తెరవండి. పాత రిజిస్టర్‌లో ఇష్యూ అయి ఉన్నవి తిరిగి వచ్చినప్పుడల్లా, అలమరలోకి వెళ్లకముందే ఎక్కించి బార్‌కోడ్ వేయండి. రిటర్న్ అయిన ప్రతిసారీ పుస్తకం తన ఖాతా నుంచి పోయిందని విద్యార్థి తెరమీద తనే చూసుకునేలా మానిటర్‌ను కొంచెం బయటికి తిప్పి పెట్టండి. నో డ్యూస్ రోజు గొడవల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి.

వెతికే కంప్యూటర్ పక్కన ఒక నోటుపుస్తకం, దారం కట్టిన పెన్ను ఉంచండి. పైన "వెతికితే దొరకనివి" అని రాయండి. పిల్లలు ఏం కొట్టారో అదే అక్షరాల్లో రాయమనండి. మా దగ్గర మొదటి వారం "రసాయనశాస్త్రం" అని ఒకరు, మధ్యలో ఖాళీతో "రసాయన శాస్త్రం" అని ఒకరు, "రసాయణ శాస్త్రం" అని ఇంకొకరు రాశారు. పుస్తకాలు మాత్రం ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం కూర్చుని ఆ మూడు రకాలనూ 246లో చేర్చాం. ఆ పేజీమీద టిక్కు పెట్టి, తర్వాతి పేజీ తిప్పాం.